ఎనిమిదో మంచం

మనిషి ఎట్లా ఉన్నాడో ముఖం చూస్తే తెలియదు, వీపు చూడాలి అనేది మా అమ్మమ్మ. ముఖం కడుక్కుంటారు, పౌడరు రాసుకుంటారు, చుట్టాలొస్తే నవ్వుతారు. వీపు దగ్గర ఆ దాపరికాలేవీ సాగవు. రాత్రి ఎవరైనా పక్కకి తిప్పారో లేదో, దుప్పటి ముడతలు పడి ఎంతసేపు ఒరుసుకుందో, తడిసిన బట్ట ఎన్ని గంటలు ఒంటికి అంటుకుని ఉందో అన్నీ అక్కడే తెలిసిపోతాయి. 34 ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, లెక్కలేనన్ని వీపులు కడిగి తుడిచిన మనిషి ఆవిడ. 2012 అక్టోబరులో, 85వ ఏట పోయింది. తుంటి విరిగి మంచాన పడింది, ఆ మంచం పెట్టిన పుండుతో పోయింది. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

1927లో గుంటూరు జిల్లాలో ఒక మాలపల్లెలో పుట్టింది. తండ్రి పాలేరు. తల్లి వరికోతలకీ మిరపకోతలకీ వెళ్లేది. మిషన్ బడి లేకపోతే అక్షరం ముక్క వచ్చేది కాదు, మిషన్ ఆసుపత్రి లేకపోతే ఊరు దాటేది కాదు. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కష్టపడి నిలబెట్టిన ఆసుపత్రి అది, 1898లో తెరిచారు. డాక్టరమ్మ 1930లోనే కన్నుమూసినా, అమ్మమ్మ నర్సింగు నేర్చుకోవడానికి అక్కడికి వెళ్లేనాటికి జనం నోట ఇంకా ఆవిడ పేరే. కాస్త ఉన్న కుటుంబాలవాళ్లు ఆడపిల్లల్ని ఆ పనికి పంపేవాళ్లు కారు. పరాయి మగవాళ్ల ఒళ్లు తుడవాలి, మలమూత్రాలెత్తాలి, రాత్రిళ్లు ఇల్లు విడిచి ఉండాలి. పెళ్లి కాదని భయం, పరువు పోతుందని భయం. కోస్తాలో తొలి తరాల నర్సుల్లో అంతమంది పల్లెల నుంచి, క్రైస్తవ కుటుంబాల నుంచి రావడానికి అది ఒక పెద్ద కారణం. మిగతావాళ్లు వద్దన్న పనిని వీళ్లు చదువుగా నేర్చుకున్నారు.

మొదటి పాఠం మందు గురించి కాదట, మంచం గురించి. రోగి పడుకుని ఉండగానే కింద దుప్పటి మార్చాలి, ఒక్క ముడత ఉండకూడదు. మూలలు మడిచి పరుపు కిందకి దోపాలి. మేట్రన్ వచ్చి అరచేతితో దుప్పటి మీద ఇటునుంచి అటు రాసి చూసేది. చేతికి గీత తగిలితే మొత్తం ఊడదీసి మళ్లీ వెయ్యాల్సిందే. మా ఇంట్లో మంచాలన్నీ చివరిదాకా అలాగే ఉండేవి. పిల్లలం ఎక్కి తొక్కితే ఏమీ అనేది కాదు గానీ, దిగగానే సర్దేసేది.

అప్పట్లో నేర్చుకున్న మాట ఒకటి ఆవిడకి వేదవాక్యం, కాదు, మా ఇంటి భాషలో చెప్పాలంటే బైబిలు వాక్యం. రోగికి పడక పుండు పడిందంటే తప్పు రోగానిది కాదు, చూసుకునేవాళ్లది. ఇది ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వేసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' నాటి నుంచీ నర్సులు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చిన సంగతి. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగితే అక్కడికి నెత్తురు అందదు. కొద్దిసేపయితే ఫరవాలేదు. గంటలు గడిస్తే లోపలి కండ చచ్చిపోవడం మొదలవుతుంది, పైకి మాత్రం కాస్త ఎరుపే కనిపిస్తుంది. వెన్ను చివర, తుంటి పక్కన, మడమల మీద, భుజం ఎముకల మీద, ముసలివాళ్లకయితే తల వెనక కూడా. అందుకే రెండు గంటలకోసారి తిప్పాలి. ఈడ్చకూడదు, ఎత్తి తిప్పాలి, ఈడిస్తే చర్మం పరుపుకే అతుక్కుని కింద పొరలు తెగుతాయి. మోకాళ్ల మధ్య దిండు, పిక్కల కింద ఇంకొకటి, మడమలు గాలిలో. మొదట్లో వీపుకి స్పిరిటు రాసి, పౌడరు అద్ది, గట్టిగా మర్దనా చేసేవాళ్లట. ఎర్రబడ్డచోట రుద్దితే మంచికన్నా చెడే ఎక్కువని తర్వాత తెలిసింది. పాతికేళ్లు చేతికి అలవాటైన పనిని ఆ రోజుతో మానేసింది. ఆవిడలో నాకు బాగా నచ్చే గుణం అదే.

నర్సమ్మ అనేవాళ్లు అందరూ. మొదట్లో అది కూడా అనలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక రైతు ఇంటి నుంచి అర్ధరాత్రి బండి కట్టుకొచ్చి, "ఏమేవ్, పెద్దింట్లో నొప్పులు, రా" అన్నారట. బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లారేదాకా కష్టపడి తల్లినీ బిడ్డనీ దక్కించింది. దాహమంటే దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోశారు. ఆవిడ గడప దాటగానే గదిలో పసుపునీళ్లు చల్లుకున్నారు. రెండేళ్లకి అదే ఇంటి నుంచి మళ్లీ కబురొచ్చింది, ఈసారి "నర్సమ్మగారూ" అని. "మరి నువ్వెందుకు వెళ్లావు?" అని చిన్నప్పుడు కోపంగా అడిగాను. "ఆ బిడ్డ తలని ఈ లోకంలో మొదట పట్టుకున్నది నా చేతులే. తర్వాత వాళ్లు ఏం చల్లుకుంటే ఏముందే" అంది. నాకు మాత్రం ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ఉప్పెన ముంచేసిన రోజు. పదివేల మందికి పైగా పోయారు. సముద్రం తాడెత్తున లేచి ఊళ్లకి ఊళ్లనే తుడిచిపెట్టుకుపోయింది. అమ్మమ్మ అప్పుడు కృష్ణా జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో ఉంది. దారులు తేలాక లారీల్లో మనుషుల్ని తెచ్చారు. ఎక్కువమందికి గాయాలు ఒకే తీరున ఉన్నాయని చెప్పేది. ఛాతీ, పొట్ట, మోచేతుల లోపలివైపు, తొడల లోపలివైపు చర్మం కొట్టుకుపోయి ఉంది. రాత్రంతా తాటిచెట్టుని కావలించుకుని ఉన్నవాళ్లు వాళ్లు. ఒకామెకి చేతులు విప్పడం రాలేదట. చెట్టు లేదు, నేలమీద పడుకోబెట్టారు, అయినా చేతులు అలాగే గుండ్రంగా బిగిసి ఉన్నాయి. మంచాలు చాలవు, గాజుగుడ్డ చాలదు. పాత చీరలు చింపి, బానలో ఉడకబెట్టి, ఆరబెట్టి కట్టు కట్టారు. వరండాలో గడ్డి పరిచి పడుకోబెట్టినవాళ్లని కూడా రెండు గంటలకోసారి తిప్పించింది. తిప్పడానికి మనుషులు లేకపోతే, ఆ గాయపడ్డవాళ్ల చుట్టాల్నే జతలు జతలుగా కూర్చోబెట్టి నేర్పింది. "గడ్డిమీద పడుకున్నవాళ్లలో ఒక్కరికీ పుండు పడలేదు" అని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం వినిపించేది. జీవితం మొత్తంలో ఆవిడ తనను తాను మెచ్చుకోగా విన్నది ఆ ఒక్క సందర్భంలోనే.

1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గింది. ఆ నెలాఖరుకే వేలమంది ఇంటిదారి పట్టారు, అందులో ఆవిడ ఒకతి. తర్వాత మళ్లీ 58 చేశారు, తిరిగి చేరినవాళ్లూ ఉన్నారు. అమ్మమ్మ చేరలేదు. మధ్యలో నేను పుట్టాను. అమ్మ టీచరు. పసిపిల్లని ఎవరికి అప్పజెప్పి బడికి వెళ్లాలన్న బెంగ లేకుండా తెనాలిలో తన ఇంటికే మమ్మల్ని తెచ్చేసుకుంది.

ఆ ఇంటి అరుగు నా చిన్నతనమంతా చిన్న ఆసుపత్రి. పొద్దున్నే బీపీ చూపించుకునేవాళ్లు, సూది వేయించుకునేవాళ్లు, కట్టు మార్పించుకునేవాళ్లు. డబ్బు తీసుకునేది కాదు. కూరగాయలో, జామకాయలో ఎవరైనా పెట్టి వెళితే వద్దనేది కాదు. గాజు సిరంజీల కాలం పోయినా, ఎనామిల్ ట్రే, వంకీ పట్టకారు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా అలాగే ఉంచుకుంది. నాకు జ్వరం వస్తే మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకునేది. నాడి చూస్తోందనుకునేదాన్ని. చాలా ఏళ్లకి చెప్పింది, నాడి అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా ఊపిరి లెక్కపెడుతుందట. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరూ మామూలుగా పీల్చరు, అందుకని చెయ్యి పట్టుకుని మోసం చెయ్యాలి. ఎంత ప్రేమగా పట్టుకునేదో అనుకున్న ఆ పట్టు, పనికి పని, ప్రేమకి ప్రేమ. ఆవిడ దగ్గర ఆ రెండూ విడివిడిగా ఉన్న క్షణం నేను చూడలేదు.

జ్వరం ఎంతుందో, ఎన్నిసార్లు విరేచనమైందో, గంజి ఎన్ని గ్లాసులు దిగిందో ఒక రూళ్ల పుస్తకంలో రాసేది. మనవలందరికీ తలో పుస్తకం. రాయనిది చేయనట్టే, అది నర్సులందరికీ వచ్చే పాఠం. మందు ఇచ్చి రాయకపోతే తర్వాతి డ్యూటీ ఆమె మళ్లీ ఇస్తుంది. పుండు చూసి రాయకపోతే ఆ పుండు లేనట్టే.

2009లో తెనాలి ఇల్లు అమ్మేశారు. 80 దాటిన మనిషి ఒంటరిగా ఎట్లా ఉంటుందన్నది అందరి మాట. కాదనడానికి ఆవిడ దగ్గర గట్టి జవాబు లేదు. హైదరాబాదులో మా ఫ్లాటుకి వచ్చింది, నాలుగో అంతస్తు. ఆ భవనంలో ఆవిడ చేతిసాయం కావలసినవాళ్లు లేరని కాదు, అడగాలని ఎవరికీ తోచలేదు. పక్క ఫ్లాటు ఆవిడ ఒకరోజు, "ఆంటీ ఏం చేసేవారు?" అని అడిగి, నర్సు అని వినగానే, "హోమ్ నర్సా?" అంది. అమ్మమ్మ దిద్దలేదు. ఎనామిల్ ట్రే వంటింటి పైఅరలోకి ఎక్కింది.

2012 జులైలో, బాత్రూములో నున్నటి పలకల మీద కాలు జారింది. మేం పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నేలమీద పడి ఉంది, స్పృహలోనే. లేపబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టుకోవద్దు. కాళ్లు చూడు. కుడికాలు పొట్టిగా అయింది, పాదం బయటికి తిరిగింది. తుంటి విరిగింది. ఎక్స్‌రే తీసినా ఇదే చెబుతారు. గట్టి బల్లమీద ఎక్కించి తీసుకెళ్లండి, తల కింద పల్చటి దిండు." బాధతో పళ్లు బిగబట్టి, ఒక రోగి గురించి జూనియర్‌కి చెప్పినట్టు చెప్పింది. ఎక్స్‌రేలో అదే వచ్చింది.

ఆపరేషను బాగానే జరిగింది. విరిగిన ఎముక తల తీసేసి లోహపు గుండు అమర్చారు. మర్నాడో మూడోనాడో నిలబెట్టాలి, ఆ వయసులో ప్రాణం నిలిచేది అక్కడే. కానీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, జ్వరం వచ్చి, నిలబెట్టడం వాయిదా పడుతూ పోయింది. రాత్రి డ్యూటీ నర్సు పాతికేళ్ల పిల్ల. అమ్మమ్మ "తిప్పమ్మా" అని ఒకసారి అడిగింది, "వస్తున్నా మామ్మగారూ" అని వెళ్లిన పిల్ల ఎంతకీ రాలేదు. వచ్చినప్పుడు అమ్మమ్మ అడిగింది, "నీకెన్ని మంచాలు తల్లీ?" "పన్నెండు." పొద్దున నేను వెళ్లగానే నాకు లెక్క చెప్పింది. "ఒక మనిషిని సరిగ్గా తిప్పి, దిండ్లు సర్దడానికి ఇద్దరికి పది నిమిషాలు. పన్నెండు పదులు నూట ఇరవై, రెండు గంటలు. ఆఖరి మంచం అయ్యేసరికి మళ్లీ మొదటి మంచం వచ్చేస్తుంది. మందులెప్పుడిస్తుంది, సెలైన్లెప్పుడు చూస్తుంది, కంప్యూటర్లో ఎప్పుడు ఎక్కిస్తుంది? అదీ ఒక్కతే. ఆ పిల్లని ఏమీ అనకండి."

నేను అనలేదు. ఇప్పుడూ అనను. ఆ పిల్లకి జీతమెంతో తర్వాత తెలిసి తలదించుకున్నాను. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల వేతనాల మీద సుప్రీంకోర్టు కమిటీ వెయ్యమన్నది 2016లో. 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నెలకి 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ చెప్పింది. అంత చిన్న మొత్తానికి అంత పెద్ద కోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. స్కానింగు యంత్రాలు కొనడానికి డబ్బుంటుంది, పాలరాయి పరచడానికి ఉంటుంది. రాత్రిపూట మనిషిని పక్కకి తిప్పే రెండో జత చేతులకి ఉండదు. ఒక ముసలామె మంచంలో పడుకుని వేళ్ల మీద వేసిన లెక్క, ఆ భవనం కట్టినవాళ్లు ఎవరూ వెయ్యలేదా? వేశారనే నా నమ్మకం. వేసి, ఒప్పుకున్నారు.

ఇంటికి తెచ్చేనాటికే వెన్ను చివర ఎర్రటి మచ్చ ఉంది. ఎట్లా తెలిసిందో, నన్ను తలుపు వేసి రమ్మని, పక్కకి ఒత్తిగిల్లించమంది. "ఏం కనిపిస్తోంది?" ఎర్రగా ఉంది, రూపాయి బిళ్లంత. "వేలితో నొక్కి, తియ్యి. తెల్లబడి మళ్లీ ఎర్రబడిందా, ఎర్రగానే ఉండిపోయిందా?" నొక్కాను. తీశాను. ఎర్రగానే ఉంది. ఇంకోసారి నొక్కమంది. ఎర్రగానే ఉంది. "సరే" అంది. నొక్కితే తెల్లబడితే అక్కడ నెత్తురు ఆడుతున్నట్టు, ఎర్రగానే ఉందంటే లోపల అప్పటికే పాడైపోయినట్టు. నాకు అది ఆ తర్వాత తెలిసింది. ఆవిడకి అప్పుడే తెలుసు.

అమ్మకి 60 దాటాయి, నడుం నొప్పి. ఒక్కతే తిప్పలేదు. ఏజెన్సీ నుంచి నర్సింగు వచ్చిన అమ్మాయి అని ఒకర్ని పంపారు. ఆ అమ్మాయి అంతకుముందు బట్టల కొట్లో చేసిందట, మంచిపిల్ల. అమ్మమ్మ మంచంలో నుంచే నేర్పింది. దుప్పటి ఎట్లా పరవాలి, ఎట్లా ఎత్తాలి, మడమ కింద వేలు దూరుతుందో లేదో ఎట్లా చూడాలి. ఆ పిల్ల చురుగ్గా నేర్చుకుంది. మచ్చ పెరగడం ఆగింది కూడా. అంతలో ఏజెన్సీవాళ్లు ఆమెని వేరే ఇంటికి మార్చారు, పని వచ్చిన పిల్లకి ఎక్కువ డబ్బులొస్తాయి కదా. ఇంకొకామె వచ్చింది. ఆమెకి మళ్లీ మొదటి పాఠం నుంచి. అప్పటికి అమ్మమ్మకి గొంతు సన్నబడింది. మూడో ఆమె వచ్చేనాటికి నేర్పే ఓపిక లేదు. నీళ్ల పరుపు తెచ్చాం, గాలి పరుపు తెచ్చాం, డ్రెస్సింగుకి మనిషిని పెట్టాం. బొబ్బ చిట్లింది, నల్లబడింది, నల్లటిది ఊడి గుంట పడింది.

సెప్టెంబరు నుంచి మాట తేడా వచ్చింది. జ్వరం ఎక్కినప్పుడల్లా కృష్ణా జిల్లాలో వార్డుకి వెళ్లిపోయేది. నన్ను "సిస్టర్" అని పిలిచేది. "సిస్టర్, ఎనిమిదో మంచం తిప్పారా?" "తిప్పానండీ." "ఇద్దరు పట్టారా?" "ఇద్దరం పట్టామండీ." కాసేపాగి మళ్లీ, "ఎనిమిదో మంచం ఆమె చాలాసేపటి నుంచి అడుగుతోంది. ఎవరూ పలకడం లేదు. పాపం పెద్దామె." ఎవరి గురించి అంటోందో తనకి తెలుసో లేదో నాకు తెలియదు. అమ్మ పక్కగదిలోకి వెళ్లి ఏడ్చేది. మేమిద్దరం దుప్పటి చెరో అంచూ పట్టుకుని తిప్పేవాళ్లం, తిప్పుతుంటే ఆవిడ లెక్కపెట్టేది, "ఒకటి, రెండు, మూడు, ఎత్తు" అని. లెక్క ఒక్కసారీ తప్పలేదు.

పుండులోంచి నెత్తురుకి విషం ఎక్కింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ సెలైన్లు. అక్టోబరులో ఒక తెల్లవారుజామున పోయింది. తెనాలి నుంచి పాత వీధివాళ్లు బస్సెక్కి వచ్చారు. వాళ్లలో ఒకాయన మోకాలి మీద మచ్చ చూపించి, చిన్నప్పుడు ఆవిడ కట్టు కట్టిందని అందరికీ చెప్పాడు.

మరణ ధ్రువపత్రం కోసం ఇచ్చిన కాగితంలో గుండె, ఊపిరి ఆగిపోవడం అని రాశారు. ఎవరు పోయినా ఆగేవి అవే. పుండు మాట ఎక్కడా లేదు. రాయనిది లేనట్టే అయితే, మా అమ్మమ్మని చంపినది లేనట్టే. అందుకని నేను ఇక్కడ, ఆవిడ నేర్పిన పద్ధతిలో రాసిపెడుతున్నాను.

స్త్రీ, వయసు 85. కుడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషను అయింది. వెన్ను చివర పడక పుండు, అడ్డంగా 9 సెంటీమీటర్లు, నిలువుగా 7, లోతు ఎముక దాకా. ఎడమ మడమ మీద ఇంకొకటి, చిన్నది. ఆసుపత్రిలో మొదలైంది, ఇంట్లో పెరిగింది. రోగి మాట్లాడగలిగినంతకాలం తిప్పమని అడుగుతూనే ఉంది.